గోదాం ముందు దీపం, మా కోడలి సంతకం

తేదీ: అక్టోబరు 14, మంగళవారం, ఉదయం.

రేవు అధికారి గారికి,
జలరవాణా కార్యాలయం, రెండవ అంతస్తు.

అయ్యా,

విషయం: రేవు ఒడ్డున గల నైట్‌క్లబ్బు మరియు కచేరీ ప్రాంగణము వారు లాంచీలకు దారి చూపు దీపమును స్థలము మార్చుట – తత్ఫలితముగా లాంచీ బురద మేట ఎక్కుట – సదరు లాంచీ సరంగును క్షమాపణ పత్రముపై సంతకము చేయమని కోరుట – చేయదని తెలియజేయుట – గురించి.

ఈ అర్జీ ఈ రోజే రాయడానికి కారణం ఉంది. తమ కార్యాలయం ఇచ్చిన గడువు శుక్రవారంతో ముగుస్తుంది. నిన్న సాయంత్రం మా కోడలు ఆ క్షమాపణ పత్రాన్ని భోజనాల బల్ల మీద పరిచి, కలం మూత తీసింది. ఆ కలం నేను లాక్కున్నాను. ఇప్పుడు రాస్తున్నది దానితోనే.

నేను ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. తమ కార్యాలయం లెక్కలు కూడా ఒకప్పుడు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. అందుచేత అలవాటు కొద్దీ వరస సంఖ్యలు వేసి రాస్తాను. ఎక్కడైనా వరస తప్పితే అది కోపం వల్ల. మన్నించనక్కరలేదు.

1. ముందుగా, లాంచీ సరంగు అయిన మా కోడలికీ నాకూ పడదు. ఈ ముక్క మొదటే ఎందుకు రాస్తున్నానంటే, అత్తగారు గనుక కోడలిని వెనకేసుకొస్తోందని తమ కార్యాలయంలో ఎవరికైనా అనిపిస్తే ఆ అనుమానం ఇక్కడే తీరిపోవాలి. ఆమె తడిసిన రెయిన్‌కోటు తెచ్చి నా కుర్చీ మీద వేస్తుంది. వద్దంటే, "పక్కన పొడి కుర్చీ ఉందిగా అత్తయ్యా, అందులో కూర్చోండి" అంటుంది. వంటింట్లో నేను ఏ డబ్బా మూత తెరిచినా, "తనిఖీ మొదలైందా?" అని అడుగుతుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటినుంచీ మా ఇద్దరికీ ఏ సంగతిలోనూ మాట కలిసింది లేదు. మా అబ్బాయి మా మధ్య నోరు విప్పడు. అందుకే ఆరోగ్యంగా ఉన్నాడు.

అయితే ఆమె నడిపే లాంచీ ఎక్కితే నాకు కునుకు పడుతుంది. ఇంకెవరు నడిపినా కడ్డీ పట్టుకుని కూర్చుంటాను. ఒక సరంగుకు నేను ఇవ్వగలిగిన యోగ్యతాపత్రం ఇదే.

2. దీపాల సంగతి. తమకు తెలియదని కాదు. తమ కార్యాలయంలో దీపాల సెక్షనుకు తెలిసినది, పక్క బల్ల దగ్గరున్న సుందరీకరణ సెక్షనుకు తెలియలేదు గనుక, ఇద్దరూ చదువుకునేలా రాస్తున్నాను.

అవతలి ఒడ్డునుంచి వచ్చే లాంచీకి పాయలో లోతున్న దారి ఒక్కటే. దానికి రెండు పక్కలా బురద మేటలు. పొద్దు వాలితే ఆ దారి కంటికి ఆనదు. అందుకని ఈ ఒడ్డున రెండు దీపాలు పెట్టారు. ఒకటి నీటి అంచున పొట్టి స్తంభం మీద ఉండేది. దాన్ని ముందు దీపం అంటారు. రెండోది దాని వెనక మెట్ట మీద, నీళ్ళ ట్యాంకు నెత్తిన ఉంది. అది వెనక దీపం. పాయ మలుపు తిరగగానే సరంగు ఈ రెండింటి కోసం చూస్తుంది. ఒకదాని మీద ఒకటి నిలబడినట్టు కనబడితే లాంచీ లోతు దారిలో ఉన్నట్టు. కింది దీపం పక్కకి జరిగినట్టు కనబడితే లాంచీ దారి తప్పుతున్నట్టు. చుక్కాని తిప్పి మళ్ళీ రెండింటినీ కలుపుకోవాలి.

అంటే ముందు దీపానికి వెలగడం సగం పని. ఉన్నచోట ఉండటం తక్కిన సగం.

3. క్లబ్బు వారు చేసిన పని. ఒకప్పుడు సరకులు నింపిన ఆ పొడుగాటి రేకుల కట్టడాన్ని ఇప్పుడు ఏ పేరు పెట్టి పిలిచినా, అందరి నోటా అది గోదామే. లోపల వేలమంది నిలబడి పాటలు వినే హాలు, ఒక చివర నృత్యాల గది, నీటి వైపు గాజు తలుపులు. రెండు నెలల కిందట ఆ తలుపుల బయట, నీటి మీదికి చొచ్చుకొచ్చేలా ఒక స్టేజి కట్టారు. స్టేజి వచ్చే చోట ముందు దీపం స్తంభం అడ్డు తగిలింది.

అల్లరిమూక అయితే పీకి పారేసేవారు. వీళ్ళు మర్యాదస్తులు. తమ సుందరీకరణ సెక్షనులో అనుమతి తీసుకున్నారు. స్తంభాన్ని పువ్వులా పైకి తీశారు. తుప్పు గీకారు. నల్లరంగు వేశారు. దీపం అద్దం తుడిచారు. తీసుకెళ్ళి, నీటి మీదనుంచి చూస్తే ఎడమ పక్కన, ప్రవేశద్వారం దగ్గర పూలకుండీల మధ్య నిలబెట్టారు. పాతకాలపు వస్తువు, పరువుగా చూసుకోవాలని వారి ఉద్దేశం. పొద్దు వాలకముందే వెలిగిస్తారు. కచేరీకి వచ్చిన జంటలు దాన్ని వాటేసుకుని ఫోటోలు దిగుతారు. పాత చోటుకూ కొత్త చోటుకూ మధ్య దూరం పద్దెనిమిది గజాలు. ఒడ్డున పద్దెనిమిది గజాలంటే ఇరవై అంగలు ఎక్కువ వేయడం. ఆ దీపాన్ని నమ్మి పాయ మలుపు దగ్గరనుంచి వచ్చేవాళ్ళకు అది లోతు దారికీ బురదకూ ఉన్న తేడా.

4. ప్రమాదం. స్టేజి కడుతున్న రోజుల్లో లాంచీ అవతలి ఒడ్డున మరమ్మతు షెడ్డులో ఉంది. మా కోడలు రోజూ వంతెన మీదుగా బస్సులో అటు వెళ్ళి, ఇంజను విప్పేవాళ్ళ నెత్తిన కూర్చుని, బస్సులోనే తిరిగి వచ్చేది. రేవు వైపు రావలసిన పని పడలేదు. మరమ్మతు పూర్తయిన రోజు సాయంత్రం, ప్యాకింగ్ ఫ్యాక్టరీ వదిలే వేళకు, జనాన్ని ఎక్కించుకుని బయలుదేరింది. వాన మొదలైంది.

ఆ తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే రాస్తాను. ఇంటికి వచ్చాక, తడి బట్టలతో, నా కుర్చీలోనే కూర్చుని చెప్పింది. 

"మలుపు తిరిగాను అత్తయ్యా. వానలో కూడా రెండు దీపాలూ కనబడ్డాయి. కలుపుకున్నాను. సూది మీద సూది నిలబెట్టినట్టు కలిశాయి. అంత బాగా కలిశాయేంటబ్బా అనుకున్నాను కూడా. అంతలోనే కింద బురద తగిలింది."

లాంచీ మేట మీదికి ఎక్కి ఒరిగింది. నిలబడి ఉన్న మా వీధి దర్జీ పడిపోయింది. కుడి చెయ్యి విరిగింది. తక్కినవాళ్ళు ఒక్కసారిగా అవతలి పక్కకి పరిగెత్తబోతే మా కోడలు అరిచిన మాట ఇది: "ఎవరి చోట వాళ్ళు కూర్చోండి! మోకాలి లోతు కూడా లేదు, మునగం. సిగ్గుపడటం తప్ప ఇక్కడ చేయగలిగిందేం లేదు." జనం నవ్వారట. నవ్వి కూర్చున్నారు. దర్జీ చేతికి ఒక చెక్క పెట్టి తన రెయిన్‌కోటు బెల్టుతో కట్టింది. నీళ్ళు పెరిగి లాంచీ తేలేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

ఒక సంగతి దాచను. వాన పడుతున్నప్పుడు ఇంకాస్త నెమ్మదిగా రావలసిందని ఆమే అంది. విచారణలో కూడా ఎవరూ అడగకుండానే చెప్పింది. అంతవరకు ఆమె తప్పు. నెమ్మదిగా వస్తే మేట ఎక్కకపోయేదా? ఎక్కేది. కాకపోతే దర్జీ పడిపోయేది కాదేమో. ఆ 'ఏమో'ను మా కోడలు రోజూ అన్నంలో కలుపుకుని తింటోంది.

5. విచారణ. తమ విచారణాధికారి గది బయట బెంచీ మీద నేను కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"ముందు దీపం వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ. కాని అది..."

"అవునా కాదా చెప్పండి చాలు."

"అవును."

"వెనక దీపం?"

"అదీ అవునే."

"రెండూ కనబడ్డాయా?"

"బాగా కనబడ్డాయండీ. అదే నేను చెప్పేది, అవి ఉండాల్సిన..."

"అంటే కనబడి కూడా మేట ఎక్కించారు."

ఆయన దురుసుగా మాట్లాడలేదు. మంచినీళ్ళు కూడా ఇచ్చారు. ఆయన ముందున్న కాగితంలో దీపం వెలిగిందా లేదా అన్న ప్రశ్న ఉంది. ఎక్కడ వెలిగింది అన్న ప్రశ్న లేదు. ఇన్నేళ్ళలో ఏ దీపమూ లేచి నడిచి వెళ్ళలేదు గనుక, ఆ కాగితం తయారుచేసినవారిని నేను తప్పుపట్టను. కాని కాగితంలో లేని ప్రశ్న నోటితో అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

6. నోటీసు. విచారణ నివేదికలో ఇలా ఉంది: "దీపస్తంభ స్థలమార్పు గురించి సరంగులకు నోటీసు బోర్డు ద్వారా ముందస్తుగా తెలియజేయడమైనది." ఆ బోర్డు ఎక్కడుందో కనుక్కోవడానికి మా ఇంట్లో అందరం తలలు బద్దలు కొట్టుకున్నాం. చివరికి మనవరాలు చెప్పింది. కచేరీలకు వెళ్ళే పిల్ల గనుక దానికి తెలుసు.

"నానమ్మా, ఆ బోర్డు గోదాం లోపలుంది. వచ్చినవాళ్ళ రెయిన్‌కోట్లు దాచే గది పక్కన. అందరూ అదేదో అలంకరణ అనుకుంటారు."

పూర్వం గోదాం బయటి గోడకు లాంచీల నోటీసు బోర్డు ఉండేది. క్లబ్బు వారు ముందుకు కట్టుకున్నాక ఆ బయటి గోడ కాస్తా లోపలి గోడ అయింది. బోర్డు కూడా పాతదే, పరువైనదే. దాన్నీ తీయలేదు. చుట్టూ చిన్న చిన్న బల్బులు పెట్టారు. తమ గుమాస్తాను బోర్డు మీద నోటీసు అంటించమన్నారు. బోర్డు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి అంటించి వచ్చాడు. ఆ రోజు కచేరీ కూడా చూసి వచ్చాడని గేటు దగ్గర అన్నారు. అది ఈ అర్జీలోకి వచ్చే విషయం కాదు.

శనివారం సాయంత్రం, జనం రాకముందే, నేనూ మనవరాలూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాం. తలుపు దగ్గర తలుపంత వెడల్పున్న కాపలావాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బామ్మగారూ, ఇవాళ డ్రమ్స్ ప్రోగ్రామండీ. చెవులు పోతాయి."

"సగం ఎప్పుడో పోయాయి నాయనా. తక్కిన సగం మిషను. డ్రమ్ములు మొదలైతే తీసి సంచీలో పెట్టుకుంటాను."

నా సంచీ తీసుకుని వెతికాడు. కళ్ళజోడు, భూతద్దం, కొలత టేపు బయట పెట్టాడు. టేపు లోపలికి రానివ్వనన్నాడు. ఇనప వస్తువులు నిషేధమట.

"టేపుతో నేనెవర్ని పొడుస్తాను?"

"రూలండీ బామ్మగారూ."

"ఆ రూలు రాసి ఉందా, నోటిమాటా?"

అతను మనవరాలి వైపు చూశాడు. "ఈవిడ ఎప్పుడూ ఇంతేనా?"

"ఇవాళ కాస్త నయం" అంది మా పిల్ల. అతను నవ్వి నా మణికట్టు మీద ముద్ర వేశాడు. టేపు మాత్రం ఇవ్వలేదు. రూలు రూలే. ఆ మనిషి నాకు నచ్చాడు.

లోపల నేల కడిగిన వాసన. బీరువాలంత స్పీకర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎవరో కుర్రాడు మైకులో "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అంటున్నాడు. మూడు దాకా ఎందుకు వెళ్ళడో నాకు అర్థం కాలేదు. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడితే నా చేతికర్ర నేల మీద దానంతట అదే కదిలింది. చెవులతో పని లేకుండా పాదాలతో పాట వినవచ్చని నాకు మొదటిసారి తెలిసింది. బాగానే ఉంది.

నోటీసు ఉంది. భూతద్దంతో చదివాను. తమ సంతకం, తమ ముద్ర, అన్నీ సక్రమంగా ఉన్నాయి. సరంగు తన వృత్తికి సంబంధించిన ఆ నోటీసు చదవాలంటే టిక్కెట్టు కొని, సంచీ వెతికించుకుని, మణికట్టు మీద ముద్ర వేయించుకుని, కోట్లు దాచే గది పక్కన నిలబడాలి. ఆ రోజుల్లో మా కోడలు అలా చేయలేదు. ఇది ఆమె అజాగ్రత్త అని నివేదిక అంటోంది. తమ కార్యాలయంలో ఎంతమంది దాన్ని ఆ గోడ మీద చదివారో తెలియజేయగలరు. గుమాస్తాను లెక్కలోంచి తీసేయండి.

7. గోదాం మేనేజరు. మేం నోటీసు ముందు నిలబడి ఉండగా ఆయనే వచ్చారు. మెడలో హెడ్‌ఫోన్లు, మా అబ్బాయి కంటే చిన్నవాడు. నాకు కుర్చీ తెప్పించారు. నేను ఎవరినో చెప్పగానే ఆయన ముఖం వాడిపోయింది.

"లాంచీ సంగతి విన్నప్పటినుంచీ నాకు మనసు బాగోలేదు బామ్మగారూ. కాని ఆ దీపాన్ని మేం ప్రాణంలా చూసుకుంటున్నాం. ఒక్క రోజు కూడా ఆరనివ్వలేదు, నిజం."

"ఆరిపోయి ఉంటే బాగుండేది" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. దీపం లేకపోతే సరంగు లాంచీ ఆపేస్తుంది, లంగరు వేస్తుంది, హారను కొడుతుంది. తప్పు చోట వెలిగితే నమ్ముతుంది.  ఆయన నన్ను చెయ్యి పట్టుకుని గాజు తలుపుల గుండా స్టేజి మీదికి తీసుకెళ్ళారు. స్తంభం పాత చోటు అప్పటికి పాటగాడు నిలబడే చోటు అయింది. మైకు స్టాండు ఉంది అక్కడ. తిరిగి చూస్తే నీళ్ళ ట్యాంకు మీది దీపం మా వెనక తిన్నగా కనిపించింది.

"ఇక్కడ స్తంభం పెట్టమంటే పెడతాను. పాడేవాడు ఇటో అటో జరుగుతాడు. లేకపోతే ఇదిగో, సరిగ్గా ఈ చోటికి పైన, కప్పు మీద దీపం బిగిస్తాను. వెనక దీపం ఇంకా ఎత్తుగానే ఉంటుంది కదా. ఏది చాలో మీ కోడలిని అడిగి చెప్పండి. ఒక్క పూట పని."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదు?"

"రాశానండీ రేవు ఆఫీసుకి. విచారణ నడుస్తున్నంతకాలం దీపాన్ని ముట్టుకోవడానికి వీల్లేదన్నారు."

సోమవారం ఉదయం తమ కార్యాలయానికి వచ్చి దీపాల సెక్షన్లో అడిగాను. విచారణ ఎప్పుడు ముగుస్తుందన్నాను. సరంగు క్షమాపణ పత్రం మీద సంతకం చేసిన రోజున అన్నారు. ఆ రోజున దీపం మారుస్తారా అన్నాను. మార్చరట. సరంగుదే తప్పని తేలాక దీపంలో లోపం లేదని తేలినట్టే గదా, లోపం లేని దీపాన్ని ఎందుకు మార్చాలి అన్నారు.

సంతకం చేయకపోతే విచారణ సాగుతుంది గనుక దీపం కదలదు. చేస్తే తప్పు సరంగుది గనుక దీపం కదలదు. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో వింత లెక్కలు చూశాను. ఎటు కూడినా మనిషిని బురదలోకే దింపే లెక్క ఇదొక్కటే.

8. ఇంటి సంగతి. అర్జీలో ఇంటి సంగతులు రాయకూడదు. తెలుసు. రాస్తున్నాను.

పత్రంలో ఉన్న వాక్యం ఇది: "సదరు ప్రమాదము కేవలము నా అజాగ్రత్త వలన సంభవించినదని అంగీకరించుచున్నాను." సంతకం పెడితే మూడు నెలల సస్పెన్షను. పెట్టకపోతే లైసెన్సు రద్దు. తమ విచారణాధికారి ఈ మాటను ఒక ఉపకారంలా చెప్పారు.

మొదట్లో మా కోడలు చస్తే పెట్టనంది. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ మాట తగ్గింది. సాయంత్రమైతే కిటికీ దగ్గర నిలబడి మెట్ట మీది దీపం వైపు చూస్తుంది. చూసి కళ్ళు నలుపుకుంటుంది. ఒకరోజు కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళి వచ్చింది. చూపు సరిగ్గానే ఉందన్నాడట. నిన్న కలం మూత తీస్తూ అన్న మాట వినండి.

"పెట్టేస్తానత్తయ్యా. మూడు నెలలే కదా. అయినా నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. ఏమో, నేనే సరిగ్గా చూడలేదేమో."

"నువ్వు చూసింది చూసినట్టే ఉంది. వాళ్ళు పెట్టిందే పెట్టినట్టు లేదు."

"మీకెందుకత్తయ్యా ఈ గొడవ? మామూలప్పుడు నేను నూనె ఒలకబోస్తే వారం రోజులు దెప్పుతారు. ఇవాళేంటి, వకాల్తా పుచ్చుకున్నారు?"

"నూనె నువ్వే ఒలకబోశావు గనక దెప్పాను. ఇది నువ్వు ఒలకబోయలేదు."

"కొంచెం ఒలకబోశాను. నెమ్మదిగా రావలసింది."

"ఆ కొంచెం రాసుకో. మొత్తం రాసుకోకు. చేసినదానికంటే తక్కువ ఒప్పుకుంటే దొంగలెక్క. ఎక్కువ ఒప్పుకున్నా దొంగలెక్కే."

అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు ఇదే మొదలు. ఏం చేయాలో తోచక ఆమె రెయిన్‌కోటు తీసుకెళ్ళి నా కుర్చీ మీద ఆరేశాను. ఇద్దరం దాని వైపు చూశాం. "నా కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోవద్దు" అంది. కాళ్ళు పట్టుకోవడం కాదు, చెయ్యి పట్టుకుని చూపించడమని చెప్పాను. అదే ఇప్పుడు చేస్తున్నాను.

దర్జీ ఆదివారం మా ఇంటికి వచ్చింది. చేతికి కట్టు ఇంకా ఉంది. తిట్టడానికి వచ్చిందేమోనని మా కోడలు లేచి నిలబడింది. ఆమె తిట్టలేదు. "నేను రోజూ ముందు వైపే నిలబడతానమ్మా. ఆ రెండు దీపాలూ కలిస్తే ఇల్లు వచ్చేసినట్టే నాకు. ఆ రోజు కూడా కలిశాయి. నేనూ చూశాను. నన్నెవరూ పిలిచి అడగరేం?" అంది. ఎడమ చేత్తో గుండీలు కుట్టడం నేర్చుకుంటోందట. వంకరగా వస్తున్నాయట. నా రవిక గుండీ ఊడి ఉంటే కుట్టి పెట్టింది. వంకరగానే ఉంది. అలాగే ఉంచుకున్నాను.

ఆ మేట ఎక్కిన రోజునుంచీ సాయంత్రం లాంచీలు లేవు. చీకటి పడ్డాక పాయ దాటనని అదే లాంచీని పగటి పూట నడిపే రెండో సరంగు చెప్పేశాడు. ఫ్యాక్టరీ వాళ్ళు వంతెన మీదుగా చుట్టూ తిరిగి వస్తున్నారు. అతని మీద తమరు చర్య తీసుకోలేదు. తీసుకోవద్దు. కాని ఒక్కటి ఆలోచించండి. దీపంలో లోపం లేకపోతే అతను ఎందుకు దాటనంటున్నాడు?

9. అపార్థం రాకుండా మరొకటి. నేను అర్జీ రాస్తున్నానని తెలిసి మా కాలనీ సంఘం అధ్యక్షుడు ఇందాక వచ్చారు. "అమ్మగారూ, పనిలో పనిగా ఆ గోదాం గోల గురించి కూడా గట్టిగా ఒక పేరా వేయండి. పెద్దావిడ నిద్రలేక నలిగిపోతోందని రాస్తే కేసు బలంగా ఉంటుంది. మూయించేద్దాం" అన్నారు.

నేను రాత్రి చెవి మిషను తీసి డబ్బాలో పెట్టి పడుకుంటాను. పక్కింట్లో గోడ కూలినా తెలియదు. నిద్ర బాగానే పడుతోంది. ఆ మాటే ఆయనకు చెప్పాను. మా మనవరాలు అక్కడే గెంతుతుంది. ఇంటికి వచ్చి పడుకుంటుంది. పరీక్షల్లో మార్కులు తగ్గలేదు. సంగీతం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ హాలు మూయించడానికి ఈ అర్జీని ఎవరైనా వాడుకుంటే నేను ఇంకో అర్జీ రాస్తాను. నా గొడవ ఒక దీపం చోటు గురించి, ఒక మనిషి సంతకం గురించి.

పైన రాసినవి తమరు బల్ల దగ్గర కూర్చుని గాక, పొద్దువాలే వేళ ఒడ్డున నిలబడి చిత్తగించవలెను.

ఇట్లు,
నియమాలకు మాత్రమే విధేయురాలైన,
లాంచీ సరంగు అత్తగారు.

తా.క. మా కోడలు ఇప్పుడే ఇది చదివింది. నూనె సంగతి తీసేయమంది, తీయను. "ఇంత రాశారు గాని, వాళ్ళు ఏం చేయాలో ఒక్కచోట రాయలేదత్తయ్యా. ఆఫీసులో వాళ్ళు చివరి పేజీయే చదువుతారు" అంది. ఈ ఒక్క విషయంలో ఆమె మాట నిజం. కాబట్టి చివరి పేజీ:

1. శుక్రవారం లోపల ముందు దీపాన్ని పాత చోటుకు నిటారుగా పైన, స్టేజి కప్పు మీద బిగించుకోవడానికి గోదాం మేనేజరుకు అనుమతి ఇవ్వాలి. అది చాలునని మా కోడలు చెప్పింది. విచారణ ముగిసేదాకా ఆగనక్కరలేదు.

2. పూలకుండీల మధ్యనున్న స్తంభాన్ని అక్కడే ఉంచుకోనివ్వండి. దీపం మాత్రం ఈ రోజే ఆర్పించాలి. ఫోటోలు పగలు దిగవచ్చు.

3. సరంగుల నోటీసు బోర్డును టిక్కెట్టు లేకుండా చదవగలిగే గోడకు మార్చాలి.

4. దర్జీని పిలిచి వాంగ్మూలం తీసుకోవాలి. చేతికి కట్టు ఉంది, తమ రెండు అంతస్తుల మెట్ల కడ్డీ పట్టుకోలేదు. విచారణాధికారే ఆమె ఇంటికి వెళ్ళాలి.

5. క్షమాపణ పత్రంలో "కేవలము నా అజాగ్రత్త వలన" అన్నది కొట్టివేసి, "వానలో నెమ్మదిగా రావలసినది, రాలేదు" అని రాయాలి. ఆ కింద మా కోడలు సంతకం పెడుతుంది. దీపం జరపడానికి అనుమతి ఇచ్చినవారూ, నోటీసు లోపల అంటింపజేసినవారూ తమ తమ వాక్యాలు రాసుకుని దాని కింద సంతకాలు పెట్టాలి. కాగితంలో చోటు చాలకపోతే నేను తెస్తాను.

6. పై వాటిలో ఏది కుదరకపోయినా, శుక్రవారం పొద్దువాలే వేళకు తమరు స్వయంగా అవతలి ఒడ్డున లాంచీ ఎక్కాలి. ముందు వరస బెంచీ మీద తమ పక్కన నేను కూర్చుంటాను. నాకు ఈత రాదు. ఇప్పుడున్న దీపాన్ని నమ్మి లాంచీ నడపమని తమరే మా కోడలికి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వాలి. ఆమె నడపనంటుంది. ఆ మాటనే ఆమె సంతకంగా తీసుకుని విచారణ ముగించండి.